బావికి హద్దు ఎంతవరకు?

హైదరాబాద్ నుండి పడమరకు సాగే బీజాపూర్ రహదారి రెండు జలాశయాల నడుమ నుండి పోతుంది. అప్పా కూడలి దాటిన తర్వాత ఎడమవైపు హిమాయత్ సాగర్, కుడివైపు కాస్త దూరాన ప్రజలు గండిపేట చెరువు అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ ఉంటాయి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించారు. ఆ విపత్తు తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మేరకు మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్ సాగర్‌ను, మూసీలో కలిసే ఈసీ మీద 1927 నాటికి హిమాయత్ సాగర్‌ను నిర్మించారు. వరదను నిలువరించడం, నగరానికి తాగునీరు ఇవ్వడం అనే రెండు పనులు వాటికి అప్పగించారు. చాలాకాలం హైదరాబాద్ ప్రధానంగా ఈ రెండింటి నీరే తాగింది.

ఈ దారి మాకు ముప్పై ఏళ్లుగా పరిచయం. మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ ప్రాంతాల మస్జిదులలో జరిగే సభలకు, నిఖాలకు, మదర్సాలో చదివే పిల్లల తల్లిదండ్రులను కలవడానికి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాము. రోడ్డుకు ఇరువైపులా మర్రిచెట్ల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి పందిరి వేసినట్లుండేవి. ఆ చెట్లలో చాలా భాగం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అయితే వాటి వెనుక అప్పట్లో వరి, జొన్న, కూరగాయల మడులు, అక్కడక్కడ ద్రాక్ష పందిళ్లు కనిపించేవి. గత వేసవిలో వెళ్లినప్పుడు మాకు ఎక్కువగా కనిపించినవి రంగు జెండాలు, స్వాగత తోరణాలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు.

ఈ ప్రాంతపు భూమి గురించి మాట్లాడేవారు 111వ నెంబరు జీవో పేరెత్తకుండా ఉండరు. 1996 మార్చి 8న వెలువడిన ఆ ఉత్తర్వు, జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. జలాశయాల రక్షణ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 2000లో ఆ న్యాయస్థానం కూడా ఆ రక్షణ వైపే నిలబడింది. తర్వాత నగరానికి కృష్ణా, గోదావరి నీరు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి గొట్టాలలో రావడం మొదలైంది. జంట జలాశయాల మీద ఆధారం తగ్గిందన్న కారణం చూపి, 2022 ఏప్రిల్ 12న 69వ నెంబరు జీవో ద్వారా ప్రభుత్వం పాత ఆంక్షలను షరతులతో తొలగించింది.

ఆ 84 గ్రామాల రైతులు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. తమ భూమికి ధర రాదు. గండిపేటకు ఆవలి కోకాపేటలో మాత్రం 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. నగరం తాగే నీటి కోసం పల్లె ఎందుకు పేదగా ఉండాలని వారు అడిగితే, నగరవాసులమైన మన వద్ద మంచి జవాబు లేదు. మాకు వెలితిగా తోచినది వేరొకటి. జీవో పెట్టినప్పుడు చూసినదీ, తీసినప్పుడు చూసినదీ రెండు పెద్ద జలాశయాలనే. వాటి పైనున్న పల్లెల బావులు ఆ ఉత్తర్వు నీడలో అనుకోకుండా రక్షణ పొందాయి. రక్షణ పోయినప్పుడు ఆ బావులను లెక్కించినవారు లేరు.

అలాంటి ఒక బావి విషయంగానే మాకు పిలుపు వచ్చింది. చేవెళ్ల దాటి ఎడమకు మళ్లితే వచ్చే ఆ పల్లె పేరు ఇక్కడ రాయము. నలభై ముస్లిం కుటుంబాలు ఉన్న ఊరు. మస్జిదు ఆవరణలో పూర్వికులు తవ్వించి వక్ఫ్ చేసిన బావి ఉంది. పదిహేను గజాల లోతు, చుట్టూ రాతి కట్టడం, ఒక పక్క మెట్లు. గిరక లేని కాలంలో చేదతాళ్లు ఒరుసుకుని అంచురాయి మీద వేలు పట్టేంత గాడులు పడ్డాయి. నమాజీలు వుజూ చేసేది ఆ నీటితోనే. రహదారిన పోయే బండ్లవారు, కుల మతాలతో పని లేకుండా ఊరివారు తాగినదీ ఆ నీరే. వరుసగా మూడు వేసవుల నుండి అది ఎండిపోతున్నది. పక్కన వేసిన మొదటి బోరు ఉత్తదైంది. ఆరు వందల అడుగులు తవ్విన రెండవ బోరు పది నిమిషాలు పోసి ఆగిపోతుంది. వారానికి రెండు ట్యాంకర్లు కొంటున్నారు.

కమిటీలో కొందరు ఒక ఆలోచన చేశారు. రోడ్డు వెడల్పయింది, బేరాలు పెరిగాయి. బావిని పూడ్చి ఆ స్థలంలో నాలుగు మలిగీలు కడితే వచ్చే అద్దెతో ట్యాంకర్ల ఖర్చు తీరుతుంది, ఇమాం సాబ్ జీతమూ పెరుగుతుంది. మరికొందరు ఒప్పుకోలేదు. వక్ఫ్ బావిని పూడ్చవచ్చా అన్నది వారు మమ్మల్ని అడిగిన ప్రశ్న.

డెబ్బై ఏళ్లు దాటిన ముతవల్లీ సాబ్ మమ్మల్ని బావి వద్దకు తీసుకువెళ్లారు. తన చిన్నతనంలో భాద్రపదం నాటికి మెట్ల మీద కూర్చుని లోటాతో ముంచుకునేవారమని చెప్పారు. ఇప్పుడు అడుగున పసుపు రంగు మొరం, రెండు ప్లాస్టిక్ సీసాలు, పావురాల ఈకలు ఉన్నాయి. “నీళ్లు ఏడికి వోయినయో తెల్వదు మౌల్వీ సాబ్, వానలైతే పడుతనే ఉన్నయి” అన్నారు.

మాకు ఈ మాట దగ్గరే ఆగాలనిపించింది. ఫత్వా ఇవ్వడానికి ముందు విషయం ఏమిటో తెలియాలి కదా. వానలు పడుతున్నప్పుడు బావి ఎందుకు ఎండాలి?

తెలంగాణ నేల చాలా చోట్ల కఠిన శిల మీద పరిచిన పలుచని దుప్పటి వంటిది. పైన మట్టి, దాని కింద కొన్ని గజాల మేర పొడిపొడిగా మారిన మొరం, ఆ కింద నల్లబండ. నీరు నిలిచేది ముఖ్యంగా ఆ మొరంలో. బండలో అయితే పగుళ్లు ఉన్న చోటనే. భూమి లోపల నదులు, సముద్రాలు ఉన్నట్లు మనవారు ఊహించుకుంటారు. ఈ రాతి నేలలో అటువంటివేవీ లేవు. ఈ ఏడు కురిసి ఇంకినదే ఈ ఏటి నీరు. మిగిలితే వచ్చే ఏటికి. పాత దిగుడు బావులు మొరంలోని ఊటను అందుకునేవి. బోరు వేసేటప్పుడు పై పొర కూలకుండా కేసింగ్ గొట్టం దింపుతారు కనుక అది పై ఊటను దాటిపోయి బండ పగుళ్లలోని నీటిని లాగుతుంది. ఆ పగుళ్లు నిండాలన్నా పైనున్న మొరం తడిగా ఉండవలసిందే. కనుక లోతుకు పోయినంత మాత్రాన కొత్త నీరు దొరకదు. వేయి అడుగుల బోర్లు ఉత్తవి కావడం ఇందువల్లనే. నీటిని ఒక కొలత ప్రకారం దింపి భూమిలో నిలపడాన్ని దివ్య ఖుర్ఆన్ (23:18) అల్లాహ్ అనుగ్రహంగా గుర్తుచేస్తుంది. ఈ నేలను చూసినవారికి కొలత అన్న మాట బాగా అర్థమవుతుంది.

ఆ కొలతను మేము మదర్సా పిల్లల చేత లెక్క వేయించాము. హైదరాబాద్ పరిసరాలలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం మీద పడేది దాదాపు 32 లక్షల లీటర్లు. ఇందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, పైరు తాగుతుంది, కొంత వాగులోకి పోతుంది. ఇటువంటి రాతి నేలలో లోపలికి ఇంకేది పదో వంతుకు అటూ ఇటూ. పదో వంతే అనుకున్నా 3 లక్షల 20 వేల లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు 64. ఒక్క ఎకరం పొలం ఎవరినీ అడగకుండా ఏటా భూమిలోకి పంపే నీరు అది. పారుతున్న వరి మడి నుండి, చెరువు, కుంటల అడుగు నుండి ఇంకేది దీనికి అదనం.

అసర్ నమాజు తర్వాత ఇమాం సాబ్‌తో, ఇద్దరు యువకులతో కలిసి ఊరికి ఎగువన నడిచాము. మస్జిదు కంటే ఎత్తుగా ఉన్న ఆ నేల సుమారు నలభై ఎకరాలు. ఒకప్పుడు మెట్లు మెట్లుగా మడులు, తలాపున చిన్న కుంట ఉండేవట. ఇప్పుడు అది వెంచరు. ఇళ్లు మూడే కట్టారు. తక్కినదంతా ఖాళీయే. ఖాళీగా ఉన్నప్పుడు నీరు ఇంకాలి కదా అని మేము కూడా అనుకున్నాము. పక్క చెలకలో పశువులను మేపుతున్న ఒక హిందూ రైతు ఆ సందేహం తీర్చాడు. అందులో రెండు ఎకరాలు అతడు అమ్మినవే.

“గట్లు తీసేసిండ్రు మౌల్సాబ్. మా నాయన ఉన్నప్పుడు కురిసిన వాన కురిసిన కాడనే ఆగేటిది. ఇప్పుడు ఆగే జాగ ఏడుంది?” అన్నాడు.

అతని మాట అక్షరాలా నిజం. పొలానికి గట్టు ఉంటే వాన నీరు నిలుస్తుంది, నిలిచిన నీరే నెమ్మదిగా లోపలికి దిగుతుంది. దున్నిన నేల గుల్లగా ఉండి తాగుతుంది. వెంచరు వేసేవారు మొదట గట్లు చదును చేస్తారు, మీద రోలరు తిప్పి నేలను గట్టిపరుస్తారు, నీరు నిలవకుండా వాలు ఇస్తారు, సిమెంటు రోడ్డు వేసి పక్కన మోరీ కడతారు. ప్లాటులో నీరు నిలవదన్నది వారి ప్రచార కాగితంలో గొప్పగా రాసుకునే మాట. ఆ నలభై ఎకరాల వాన ఇప్పుడు గంటలో వాగు చేరుతుంది. తలాపునున్న కుంట ఊరి నక్షాలో ఇంకా శిఖంగానే ఉంది. నేల మీద మాత్రం సగానికి పైగా మట్టి నింపి రాళ్లు పాతారు. ఇక్కడ ఒక చిన్న విడ్డూరం చెప్పాలి. ఊరివారి నోట నాలా అంటే వాగు. రెవెన్యూ కాగితాలలో నాలా అంటే సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. ఒక నాలా వచ్చిన చోట రెండవ నాలా కనుమరుగవుతున్నది.

ఇదంతా నగరం తప్పేననీ, రైతు నిర్దోషి అనీ మేము అనము. ఉచిత కరెంటు వచ్చాక బోర్లతో వేసవి వరి పండించి రైతులు కూడా నీటిని విపరీతంగా తోడారు. ఇన్‌వెల్ బోర్లు వేసి తమ బావులను తామే ఎండబెట్టుకున్నవారూ ఉన్నారు. అయినా పొలం తీసుకున్నదానిలో కొంత తిరిగి ఇచ్చేది. గట్టిపడిన నేలకు ఇవ్వడం తెలియదు. పైగా కొత్త కాలనీకి నల్లా నీరు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు ఇంటింటికీ ఒక బోరు, లేదా పక్క ఊరి రైతు బోరు నుండి నింపుకుని వచ్చే ట్యాంకరు. ఇంకేది తగ్గినప్పుడే తోడేది పెరుగుతుంది. నగరం నడిబొడ్డున కొన్ని చోట్ల బోర్లలో నీరు ఉంటున్నది కదా అని అడిగేవారున్నారు. అక్కడ గొట్టాల నుండి కారే నీరు, మురుగు కాలువల నుండి ఊరే నీరు భూమిలోకి దిగుతున్నాయి. ఆ నీటితో మట్టం పెరగవచ్చు గానీ తాగడానికి అది పనికిరాదు.

ఇంకని నీరు ఎక్కడికి పోతుందో 2020 అక్టోబరులో నగరమే చూసింది. రెండు రోజుల వానకు కాలనీలు మునిగాయి, పడవలు తిరిగాయి. ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం వరుసలో నిలబడే వీధిలోకే అక్టోబరులో వరద వస్తున్నది.

మరునాడు జుమా తర్వాత కమిటీ కూర్చుంది. మేము వారికి హిదాయాలో బంజరు భూముల సాగుకు సంబంధించిన అధ్యాయాన్ని వివరించాము. బావి తవ్విన వానికి బావి మాత్రమే కాక దాని చుట్టూ కొంత నేల మీద కూడా హక్కు ఉంటుంది. దానిని హరీమ్ అంటారు. పశువులకు నీరు తోడే బావికి నలుదిక్కులా 40 మూరలు. ఒంటెతో తోడి పొలం తడిపే బావికి ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌ల (రహ్మతుల్లాహి అలైహిమ్) ప్రకారం 60 మూరలు, ఇమాం అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) ప్రకారం 40. ఊటకు 500 మూరలు. ఆ హద్దులో మరొకరు బావి తవ్వరాదు, ఎందుకంటే మొదటి బావి నీరు అటు పోతుంది. ఎనిమిది శతాబ్దాల క్రితం నాటి ఫిఖ్హ్ గ్రంథం బావి అంటే గుంత మాత్రమే కాదనీ, చుట్టూ ఉన్న నేల కూడా బావిలో భాగమేననీ గ్రహించింది. మన 2002 నాటి వాల్టా చట్టం కూడా ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు మరో బావి తవ్వరాదంటుంది. వాల్టాను ఎంతమంది పాటిస్తున్నారో పాఠకులకు తెలియనిది కాదు.

అదే అధ్యాయంలో మరో మాట ఉంది. హద్దుకు ఆవల ఎవరైనా తవ్వితే, దానివల్ల మొదటి బావి ఎండినా అతని మీద నష్టపరిహారం లేదు. అతడు హద్దు మీరలేదు కనుక. కమిటీలోని ఒక యువకుడు వెంటనే దీనిని పట్టుకున్నాడు. “అయితే వెంచరు వాళ్ల తప్పు ఏమీ లేదు కదా హజ్రత్?” అన్నాడు. మంచి ప్రశ్నే. మేము చెప్పినది ఇది: ఆ హద్దులు సొంతదారు లేని బంజరు నేలకు చెప్పినవి, మనిషి చేతితో తవ్విన బావులకు చెప్పినవి. న్యాయస్థానంలో పరిహారం రాబట్టడానికి అవి చాలవు. అయితే ధర్మవేత్తలు మూరలను లెక్కించినది ఎంత దూరం నుండి హాని కలుగుతుందో చూసి. ఆరు వందల అడుగుల బోరు, నలభై ఎకరాల రోలరు ఎంత దూరం హాని చేస్తాయో ఇప్పుడు మనమే కొలుచుకోవాలి. మా వరకైతే ఈ బావి హరీమ్ ఆ ఎగువ కుంట దాకా ఉన్నట్లే తోచింది.

బావిని పూడ్చే విషయంలో మాత్రం మాకు సందిగ్ధం లేదు. వక్ఫ్ చేసినవారు నీటి కోసం ఇచ్చిన దానిని, నీటి ఆశ పూర్తిగా పోయిందని తేలనిదే మలిగీలకు మార్చడం సరికాదు. మదీనాలో రూమా బావి యజమాని నీటిని అమ్ముకుంటుంటే హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని కొని అందరికీ వదిలిపెట్టిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ట్యాంకరు కొనడానికి బావిని అద్దెకివ్వడం ఆ దారికి ఎదురు నడవడమే. ముందుగా మస్జిదు కప్పు మీది వాన నీటిని, తొలి వానను వదిలేసి, కంకర, ఇసుక పోసిన తొట్టి గుండా బావిలోకి దింపమని సూచించాము. వుజూ నీటిని పొదుపు చేయడం గురించి మళ్లీ చెప్పనవసరం లేదు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారి వుజూకు ఒక ముద్ద్, అనగా సుమారు ఒక లీటరు సరిపోయేది. మన కుళాయి కింద అంతకు ఎన్ని రెట్లు పోతుందో ఒకసారి బకెట్టు పెట్టి చూడవచ్చు.

ఇక్కడ లెక్క దాచడం మాకు ఇష్టం లేకపోయింది. మస్జిదు కప్పు 300 గజాలు. ఏడాదికి దాని మీద పడేది రెండు లక్షల లీటర్లు. ఎగువన నలభై ఎకరాలు ఒకప్పుడు భూమిలోకి పంపినది కోటి లీటర్లకు పైమాటే. కప్పు నీరు మొరాన్ని కొంత తడపగలదు. పొలాలకు అది బదులు కాదు. ఈ మాట విని మలిగీలు కోరినవారు, మరి ఎందుకీ శ్రమ అన్నారు. అద్దె చేతికి వచ్చే డబ్బు. వాన నీరు వస్తుందో రాదో. చివరకు ఒక వానాకాలం చూద్దామని, అప్పటిదాకా బావిని ముట్టరాదని తీర్మానించారు. తీర్మానం మీద ఇద్దరు సంతకం చేయలేదు.

ఆ వెంచరులో ప్లాట్లు కొన్నది ఎవరని మేము అడిగాము. ఈ భాగం రాయడం మాకు కష్టమే. కొన్నవారిలో మనవారు తక్కువేమీ లేరు. జిద్దా, దమ్మామ్, దుబాయ్‌లలో ఎండలో పనిచేసి పంపిన డబ్బు, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు ఆ రాళ్ల మధ్య ఉన్నది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం పొదుపును భూమిలో పెట్టడం సహజం. దానిని తప్పు పట్టము. కానీ ప్లాటు కొనేటప్పుడు రిజిస్ట్రేషన్, దిక్కు, రోడ్డు వెడల్పు అడుగుతాము; ఊరి నక్షా తెప్పించి అక్కడ కుంట, వాగు ఉండేవా అని అడగము. లేఅవుట్‌లో వదలవలసిన ఖాళీ స్థలం పల్లపు వైపున, నీరు చేరే చోట ఉందా అని అడగము. కొన్న ప్లాటు పదేళ్లయినా ఖాళీగానే ఉంటుంది. 200 గజాల ప్లాటు మీద ఏటా లక్షా 30 వేల లీటర్ల వాన పడుతుంది. ఇల్లు కట్టే వరకు దాని చుట్టూ ఒక అడుగు ఎత్తు గట్టు వేసి, లోపల ఒకసారి దున్నించి వదిలేస్తే అది మళ్లీ పొలంలాగే పనిచేస్తుంది.

ఆ మాట కమిటీ ముందు అన్నప్పుడు, నష్టపరిహారం ప్రశ్న అడిగిన యువకుడు కొంచెంసేపు మౌనంగా ఉండి, అందులో తమ అన్నకు రెండు ప్లాట్లు ఉన్నాయని చెప్పాడు. మా ఎదుటే దమ్మామ్‌కు ఫోన్ చేశాడు. అన్న మొదట అడిగినది, నీరు నిలిస్తే ప్లాటు ధర తగ్గదా అని. ట్రాక్టరుకు ఒక పూట పని, ఇద్దరు కూలీలు చాలునని తమ్ముడు చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాడు అన్న. మేము బస్సెక్కే నాటికి జవాబు రాలేదు. తొలకరికి ఇంకా ఐదు వారాలు ఉంది.